నాన్న పద్దులో జమ వైపు

తిరుపతి నుంచి ఒక ఉపాధ్యాయురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె తండ్రి చిత్తూరులో బెల్లం మండీ నడిపారు. 1966లో, 19 ఏళ్ల వయసులో పల్లె నుంచి వచ్చి ఒక మండీలో గుమాస్తాగా చేరి, 1979లో సొంత మండీ తెరిచారు. రైతు అవసరానికి డబ్బు సర్దడం, జబ్బుపడ్డవాళ్లను వెంటబెట్టుకుని కాట్పాడి రైల్లో రాయవేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లడం, హమాలీల పిల్లలకు ఫీజులు కట్టడం ఆయనకు అలవాటు. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి తిరుమలకు నడిచివెళ్లే భక్తుల కోసం రోడ్డు పక్కన పందిరి వేసి మజ్జిగ, పులిహోర పెట్టేవారు. ఏ సాయం చేసినా దాన్ని పద్దు పుస్తకంలో పూర్తి పేరుతో రాసేవారు కాదట. 'వేపచెట్టు ఇల్లు', 'కుంటి ఎద్దు', 'మూడో కూతురు' అంటూ తనకూ గుమాస్తాకూ మాత్రమే తెలిసిన గుర్తులు పెట్టుకునేవారట. గత ఏడాది ఆయన కన్నుమూశారు.

ఇక ఆమె మాటల్లోనే:

"సంవత్సరీకం ఇంకా ఏడు వారాలు ఉంది. ఆ వారంలోనే కల్యాణ మండపంలో సంస్మరణ సభ పెట్టాలని అన్నయ్య పట్టుదల. మార్కెట్ దారిలో కూడలి దగ్గర నాన్న విగ్రహం పెట్టిస్తాడట. వెయ్యి ప్రతులు స్మరణ సంచిక వేయిస్తాడట. నాన్నకు రావలసిన బాకీలన్నీ రద్దు చేస్తున్నామని వేదిక మీద ప్రకటిస్తాడట. పాత గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని గుర్తులన్నీ విప్పించాడు. 63 పద్దులు, 11 లక్షల పైచిలుకు తేలింది. సంచికలో జీవిత చరిత్ర రాసే పని నాది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

"1994లో నాకు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం సీటు వచ్చింది. ఆడపిల్లను హాస్టల్లో పెట్టనన్నారు నాన్న. తిరుపతిలో ఆడపిల్లల కోసమే విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడైనా చదువుతానన్నాను. వినలేదు. అదే నెలలో ఒక హమాలీ కొడుక్కి పాలిటెక్నిక్ ఫీజు కట్టారు. ఆ తరువాతి ఏడాది నాకు పెళ్లి. ఇప్పుడు రోజూ బడికి వెళ్లే బస్సు ఆ విశ్వవిద్యాలయం గేటు ముందు నుంచే పోతుంది.

"వడ్డీ లేకుండా రైతులకు అప్పులిచ్చారని అందరూ అంటారు. నిజమే. కానీ అడ్వాన్సు తీసుకున్న రైతు సరుకు మా మండీకే తేవాలి. మద్యనిషేధం రోజుల్లో ఒకసారి అధికారులు వచ్చి నల్లబెల్లం బస్తాలు పట్టుకుపోయారు. ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"ఇంకొకటి. మొన్న మాసికం రోజున మండీలో పనిచేసి చనిపోయిన హమాలీ భార్య వచ్చింది. తన భర్త దాచుకున్న 40 వేలు అయ్య దగ్గర ఉన్నాయంది. కాగితం ఉందా అని అడిగాడు అన్నయ్య. లేదంది, వెళ్లిపోయింది. అమ్మ మాత్రం అన్నిటికీ ఒకటే మాట: 'ఏమైనా చేసుకోండి, పెరటాసికి మజ్జిగ ఆపకండి.'

"మంచి మాత్రమే రాస్తే అబద్ధం రాసినట్టు. అన్నీ రాస్తే నాన్నకు ద్రోహం చేసినట్టు. రాయనంటే అన్నయ్య మాట్లాడడు. ఏం చేయను?"

అమ్మా,

నా బీరువాలో స్మరణ సంచికలు పాతిక దాకా ఉన్నాయి. పాతికమందీ అజాతశత్రువులే, స్నేహశీలురే, మృదుభాషులే. ఫొటోలు మార్చి పెట్టినా ఎవరూ గుర్తుపట్టలేరు. ఏళ్ల తరబడి వేలం పాటల మధ్య, లారీల హారన్ల మధ్య బెల్లం అమ్మిన మనిషి మృదుభాషి అని రాస్తే ముందుగా నవ్వేది ఆయన హమాలీలే. మీరు నాలుగుసార్లు చింపేశారంటే మీ నాన్నగారిని ఆ పాతికమందిలో కలపడానికి మీ చేయి రాలేదన్నమాట. చింపినందుకు బాధపడకండి.

అయితే మీ చిక్కు రాతలో మాత్రమే లేదు. మీ అన్నయ్య ఐదు వేరువేరు సరుకులు ఒకే గోనెలో కుక్కి మూతి కుట్టేశారు. ముందు ఆ గోనె విప్పుదాం.

సంవత్సరీకం తిథి ప్రకారం ఇంట్లో జరిగే కర్మ. దాని మీద ఎవరికీ తగాదా లేదు, కనుక అది అలాగే జరగనివ్వండి. సభను అదే వారంలో పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. ఏడు వారాల గడువు మీకు మీరు పెట్టుకున్నదే.

విగ్రహం సంగతి తొందరగా తేలిపోతుంది. రోడ్ల మీద, కూడళ్లలో, ప్రజలు వాడే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఎవరి పలుకుబడితోనో రాత్రికి రాత్రి నిలబెట్టినా, రేపు ఎవరో పిటిషన్ వేస్తే నాన్నగారి విగ్రహం మీద గోనెపట్టా కప్పి ఉంచాల్సి వస్తుంది. అంతగా కావాలంటే సొంత స్థలంలో, మండీ లోపల పెట్టుకోవచ్చు. కానీ మీ అన్నయ్యతో ఈ మాట చెప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆయన రోజూ నాన్నగారు కూర్చున్న గద్దె మీదే కూర్చుంటున్నారు. వచ్చే ప్రతి రైతూ 'అయ్య ఉండుంటే' అనే మాట మొదలుపెడతాడు. ఏడాదిగా రోజుకు పదిసార్లు ఆ మాట వింటున్న మనిషి, ఊరంతా చూసేలా తానే వారసుడినని నిలబడాలనుకోవడంలో వింత లేదు. మీరు దూరంగా ఉండి నాన్నను తలచుకుంటున్నారు. ఆయన నాన్నతో పోల్చబడుతూ బతుకుతున్నారు. ఇది మీ తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు బాకీలు. నాకు ఎక్కువ బెంగ ఇక్కడే.

బాకీల రద్దు వినడానికి గొప్పగా ఉంటుంది. చట్టం చూస్తే, నాన్నగారు వీలునామా రాయకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తి మీ అమ్మగారికి, మీ అన్నయ్యకు, మీకు సమానంగా వస్తుంది. రావలసిన బాకీ కూడా ఆస్తే. కనుక మీ ఇద్దరి వాటాను మీ అన్నయ్య ఒక్కరే మైకు ముందు మాఫీ చేయలేరు. ప్రోనోటు మీద కోర్టుకెళ్లడానికి సాధారణంగా 3 ఏళ్ల గడువు. మధ్యలో కొంత చెల్లించి సంతకం పెట్టినా, బాకీ ఉందని రాసి ఇచ్చినా గడువు కొత్తగా మొదలవుతుంది. కేవలం పద్దు పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన కోర్టు ఎవరినీ బాకీదారుగా తేల్చదు. అంటే ఆ 63లో చాలా వాటిని వసూలు చేయాలనుకున్నా చేయలేకపోవచ్చు. చేతికి రాని సొమ్మును దానం చేస్తున్నామని ప్రకటిస్తే, పుస్తకం చూడని జనం చప్పట్లు కొడతారు. మండీ తెలిసినవాళ్లు మాత్రం ఒకరినొకరు చూసుకుంటారు.

చట్టం అవతల పెట్టండి. 'వేపచెట్టు ఇల్లు' ఎవరో మీ నాన్నగారు తన సొంత పుస్తకంలోనే రాయలేదు. గుమాస్తా తప్ప మరొకరు చదివితే అర్థం కాకూడదనే ఆ గుర్తులు పెట్టుకుని ఉంటారు. ఆ మనిషి పేరు మీద జరిగే సభలో, ముందు వరుసలో కూర్చున్న వేపచెట్టు ఇంటాయన చెవిలో 'మీ బాకీ పోయింది' అన్న మాట పడితే ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించండి. పేర్లు చదవకపోయినా ఎవరికి ఎంత అన్న లెక్క సాయంత్రానికి టీ అంగళ్లలో తయారవుతుంది. నిరుడు నానా తంటాలు పడి బాకీ తీర్చిన రైతుకు అక్కడ దక్కేదేమిటన్నది మరో ప్రశ్న.

ప్రకటన మానేసి ఊరుకోవడం ఒక దారి. అప్పుడు తీర్చగలవాళ్లు తీరుస్తారు, లేనివాళ్లు మండీ ఛాయలకు రాకుండా తప్పుకు తిరుగుతారు. ఆ మొహమాటంలో మీ అన్నయ్యకు కొందరు పాత రైతులు దూరమవుతారు. అమ్మగారితో కలిసి ఒక్కొక్కరినీ విడిగా కలవడం మరో దారి. ఉన్నవాళ్ల దగ్గర వీలైనంత తీసుకోవచ్చు, లేనివాళ్ల ఇంట్లో కూర్చుని వాళ్ల ఒక్కరికే వినబడేలా వదిలేస్తున్నామని చెప్పవచ్చు. నెలలు పడుతుంది, కొందరు అసలు తీసుకోనే లేదంటారు, మాట పడాల్సి వస్తుంది. నా మనసు ఈ రెండో దానివైపే మొగ్గుతోంది. కానీ ఆ గడపలన్నీ ఎక్కి దిగాల్సింది నేను కాదు కనుక బలవంతం చేయను.

ఇంతకూ ఆ పుస్తకానికి రెండు వైపులుంటాయి. ఖర్చు వైపు మీ అన్నయ్య పూర్తిగా చూశారు. జమ వైపు ఎవరైనా చూశారా?

మండీలో సరుకు అమ్మిన రైతు డబ్బంతా ఒకేసారి పట్టుకెళ్లడు. ఇంట్లో పెడితే ఖర్చయిపోతుందని, 'మీ దగ్గరే ఉండనివ్వండయ్యా, పిల్ల పెళ్లికి తీసుకుంటాను' అని కొంత వదిలి వెళతాడు. హమాలీ కూలిలో వారానికి ఇంతని దాచిపెట్టమంటాడు. బ్యాంకు గడప ఎక్కడానికి బెదిరే మనిషికి తెలిసిన షావుకారే బ్యాంకు. మీ నాన్నగారి మీద ఊరికి అంత నమ్మకం ఉండేదంటే, ఆయన దగ్గర దాచినవాళ్లు ఆ ఒక్క హమాలీతోనే ఆగి ఉండరు. ఆయనకు ఎంతమంది బాకీ ఉన్నారో ప్రకటించే ముందు ఆయన ఎవరికి బాకీ ఉన్నారో తేల్చుకోండి. తండ్రి ఇవ్వవలసిన అప్పుకు, ఆయన నుంచి సంక్రమించిన ఆస్తి విలువ మేరకు వారసులు చట్టప్రకారం బాధ్యులు. పైగా దాచమని ఇచ్చి, అడిగినప్పుడు ఇవ్వాలన్న సొమ్మైతే గడువు లెక్క మారుతుంది. అడిగిన నాటి నుంచి 3 ఏళ్లు. ఆ హమాలీ భార్య మాసికం రోజున అడిగేసింది. ఏది అప్పు, ఏది దాపుడు సొమ్ము అన్నది ఒక వకీలుకు పుస్తకం చూపించి అడగండి.

'కాగితం ఉందా' అన్న ప్రశ్న వ్యాపారంలో తప్పు కాదు. మీ అన్నయ్య స్థానంలో ఎవరున్నా అడిగేవారే. ఈరోజు నోటిమాట మీద 40 వేలిస్తే రేపు ఇంకో నలుగురు రావచ్చు, వాళ్లలో ఒకరిద్దరు అబద్ధమే చెప్పవచ్చు. ఆ భయం నిజమైనదే. కానీ ఆమె భర్తను ఏ కాగితమూ అడగకుండా మీ నాన్నగారు ఇన్నేళ్లు గోదాము తాళాలు ఇచ్చి ఉంటారు. జమ వైపు ఆ హమాలీ గుర్తు మీద మొత్తం కనబడితే, సంవత్సరీకానికి ముందే ఇచ్చేయండి. కనబడకపోతే గుమాస్తాను అడగండి. అక్కడా ఏమీ తేలకపోతే, ఇవ్వాలా వద్దా అన్నది మీ ముగ్గురి నిర్ణయం. కల్యాణ మండపం అద్దె, భోజనాల ఖర్చు ఎంతో ఒక కాగితం మీద వేసి, పక్కన 40 వేలు రాసి చూసుకున్నాక నిర్ణయించుకోండి.

ఇక మీరు రాయాల్సిన చరిత్ర.

వడ్డీ లేని అప్పు గురించి మీ మనసులో గుచ్చుకుంటున్నది నాకు అర్థమైంది. చెరకు నాటిన దగ్గర నుంచి గానుగ ఆడేదాకా సుమారు ఏడాది. ఆ మధ్యలో ఎరువుకు, కూలికి, పెళ్లికి, చావుకు రైతుకు డబ్బు కావాలి. మండీ అడిగేది ఒక్కటే: సరుకు మాకే తెస్తావా? వడ్డీ పుస్తకంలో ఉండదు. కమీషన్‌లో ఉంటుంది, ధర నచ్చని రోజున ఇంకో మండీ మెట్లెక్కే వీలు లేకపోవడంలో ఉంటుంది. ఇది మీ నాన్నగారు కనిపెట్టిన పద్ధతి కాదు. ఆయన గుమాస్తాగా చేరిన నాటికే ఉంది. అలాగని రాయవేలూరు ప్రయాణాలు ఆ లెక్కలోకి రావు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న రాత్రికి ఎవరూ కమీషన్ ఇవ్వరు. సంచికలో 'నిస్వార్థంగా వడ్డీలేని రుణాలు ఇచ్చారు' అని రాయకండి. ఏ నెలలో ఇచ్చేవారు, ఎలా అడిగేవారు, ఇవ్వలేనన్న రైతును ఏమనేవారు అన్నది రాయండి. చదివేవాళ్లు మండీ ఎరిగినవాళ్లే, వాళ్లకు తెలుస్తుంది.

నల్లబెల్లం విషయంలో తొందరపడి తీర్పు చెప్పుకోకండి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలించేదాకా నల్లబెల్లం బస్తా మీద అధికారుల కన్ను పడుతూనే ఉండేది, నాటుసారాకు అదే ముడిసరుకు కనుక. కానీ చౌడునేల చెరకైనా, పాకం పొయ్యి మీద కాస్త ఎక్కువసేపు ఉన్నా బెల్లం నల్లబడుతుంది. అది వండిన రైతు తప్పు చేసినట్టు కాదు. ఎవరు కొంటున్నారో తెలిసీ అమ్మిన వ్యాపారి సంగతి వేరు. నాన్నగారు ఎక్కడ నిలబడ్డారో మనిద్దరికీ తెలియదు. తెలియని దాన్ని రాయనూ వద్దు, 'మచ్చలేని వ్యాపారం' అని రాసి కప్పనూ వద్దు. ఆ నాలుగు మాటలు లేకపోయినా సంచికకు వచ్చే లోటేమీ లేదు.

సీటు గురించి మీరు ఒకటిన్నర పేజీ రాశారు. అందులో ఫీజు రసీదు రంగు కూడా ఉంది. 1994 నాటి రసీదు రంగు ఇంకా గుర్తున్న మనిషికి 'పోనీలే, ఆ కాలం అలాంటిది' అని చెప్పి పంపించలేను. ఆ కాలంలోనే ఆ ఊరి నుంచే కొందరు తండ్రులు కూతుళ్లను తిరుపతి హాస్టళ్లలో దింపి వచ్చారు. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లే. ఎవరి కొడుకునైనా రాయవేలూరు తీసుకెళ్లిన మనిషి సొంత కూతురిని తిరుపతి పంపలేకపోయారు. ఊరి విషయంలో ఆయనకు ధైర్యం ఉంది, ఇంటి విషయంలో 'నలుగురు ఏమంటారో' అన్న భయం ఉంది. బయటివాళ్లకు మేలు చేసే పెద్దమనుషుల ఇళ్లలో ఇది నేను చాలాసార్లు చూశాను. ఊరి మెప్పు మీద బతికే మనిషికి ఊరి మాట పడటమే పెద్ద శిక్ష. ఆ శిక్ష తప్పించుకోవడానికి మొదట సర్దుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.

దీన్ని సంచికలో రాస్తారా? రాయవచ్చు, ఆ హక్కు మీకుంది. కానీ రాస్తే సభ ముగిసేలోగా వెయ్యి ప్రతుల్లో అందరూ చదివేది ఆ ఒక్క పేజీయే. మీ అమ్మగారిని పరామర్శకు వచ్చే ప్రతి ఆడమనిషీ 'నువ్వు చెప్పలేదా' అని అడుగుతుంది. పాలిటెక్నిక్ చదివిన ఆ కుర్రవాడికి ఇప్పుడు యాభై దగ్గరపడి ఉంటాయి, ఆయనా చదువుతాడు. తన ఫీజు పక్కన మీ సీటు పెట్టి చూసుకుంటాడు. అందులో ఆయన తప్పు రవ్వంత లేదు. ఇవన్నీ భరించగలననుకుంటే రాయండి. రాయకపోతే అది అబద్ధమని అనుకోవద్దు. సంచిక ఊరికి ఇచ్చే కాగితం. మీ బాధ ఊరి నుంచి రాలేదు, ఊరు తీర్చగలిగిందీ కాదు. అమ్మగారితో, అన్నయ్యతో నోరు తెరిచి చెప్పారా ఎప్పుడైనా? ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. 1994లో మీ అన్నయ్య ఆ ఇంట్లోనే ఉన్నారు, ఆయనకు ఏం గుర్తుందో తెలుసుకోవాలని నాకే కుతూహలంగా ఉంది.

మధ్యేమార్గం ఒకటుంది. 'జీవిత చరిత్ర' అన్న శీర్షిక తీసేయించి, మీరు కళ్లారా చూసినవి మాత్రమే మీ పేరుతో రాయండి. మండీ సంగతులు అన్నయ్యను రాయమనండి, రాయలేనంటే ఆయన చెబుతుంటే మీరు రాసుకోండి. మీ పేజీల్లో సీటు ఉండకపోవచ్చు. అలాగే 'ఆడపిల్లల చదువును ప్రోత్సహించిన' అన్న మాట కూడా ఉండకూడదు. ఇంకెవరి వ్యాసంలోనైనా అది కనబడితే తీసేయించే షరతు మీద మాత్రమే ఒప్పుకోండి. అన్నయ్య అలిగితే అలగనివ్వండి. పుస్తకం అచ్చయ్యాక మీరు అలగడం కంటే అది తేలిక.

మజ్జిగ మాట చివరికి మిగిలింది. మీ అమ్మగారు అన్నదాన్ని మీరు ఉత్తరంలో పక్కన పెట్టేశారు, పెద్దావిడ పరధ్యానంగా ఏదో అన్నట్టు. పందిరి మీ నాన్నగారు వేయించారు, సరే. ఆ కుండల్లో మజ్జిగ చిలికిందెవరు? తెల్లవారుజామున పులిహోరకు పోపు పెట్టిందెవరు? ఆవిడకు కుడి భుజం లేవడం లేదని మీరే రాశారు. సంచికకు సమాచారం సేకరిస్తే మొదట ఆవిడ దగ్గరే కూర్చోండి. నాన్న ఎంత మంచివారో చెప్పమ్మా అని అడగకండి, ఎన్ని శేర్ల పెరుగు పట్టేదో అడగండి. మిగతా కథ దానంతటదే వస్తుంది. డబ్బు సంగతికొస్తే, విగ్రహానికీ సభకూ అనుకున్న 5 లక్షలు 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏటా 35 వేలు. పెరటాసి శనివారాలకు కూలికి ఇద్దరిని పెట్టుకుని పందిరి నడపడానికి సరిపోవచ్చు. దానికోసం ట్రస్టు పెట్టాలా అంటే, మొదటి రెండేళ్లు ఇంటి ఖర్చుగానే నడిపి చూడండి. రిజిస్ట్రేషన్లు, ఆడిట్లు తరువాత చూసుకోవచ్చు. పెరటాసి ఎలాగూ సెప్టెంబరు మూడో వారంలో వచ్చేస్తుంది, ఎవరి సభ కోసమూ ఆగదు.

వచ్చే ఆదివారం చిత్తూరు వెళతానని రాశారు. పద్దు పుస్తకం తీసుకుని నేరుగా పాత గుమాస్తాగారి ఇంటికి వెళ్లండి. ఆయనకు చెవులు సరిగా వినబడవన్నారు కదా, ప్రశ్నలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. అన్నయ్య కూడా వస్తే మంచిది. మొదటి కాగితం మీద ఒక్కటే రాయండి: చనిపోయిన ఆ హమాలీకి నాన్న పెట్టుకున్న గుర్తు ఏమిటి?